ష్రోడింగర్ కంగారు

1939. బెల్జియంలోని గెంట్ నగరం. అక్కడ అతిథి ఆచార్యుడిగా ఉన్న భౌతిక శాస్త్రవేత్త ఎర్విన్ ష్రోడింగర్‌కి నోబెల్ వచ్చి ఆరేళ్ళయింది. అంతకు ముందు ఏడాదే, ఆస్ట్రియాను నాజీలు కలిపేసుకున్నాక, రాజకీయంగా నమ్మదగినవాడు కాదంటూ గ్రాట్స్ విశ్వవిద్యాలయం నుంచి తీసేశారు. కొద్దిపాటి సామానుతో భార్యాభర్తలిద్దరూ రైలెక్కి దేశం దాటారు.

నిలువనీడ లేని ఆ రోజుల్లో ఆయన పట్టుకు కూర్చున్న లెక్క ఇది: విశ్వం వ్యాకోచిస్తుంటే అందులోని తరంగాలు ఎలా కంపిస్తాయి?

విశ్వం కదలకుండా ఉంటే పేచీ లేదు. ప్రతి కంపనాన్నీ ధన పౌనఃపున్యం, రుణ పౌనఃపున్యం అని రెండు వాటాలు చేయొచ్చు. ఆ పంపకం ఎప్పటికీ చెదరదు. క్వాంటం క్షేత్ర సిద్ధాంతంలో కణాలను లెక్కపెట్టేది ఆ పంపకాన్ని బట్టే. కణం ఏది, ప్రతికణం ఏది, ఏమీ లేని శూన్యం ఏది అన్నీ దానితోనే తేలతాయి. కానీ స్థలమే సాగుతుంటే? శుద్ధమైన ధన పౌనఃపున్యంతో బయల్దేరిన తరంగంలో కొంతకాలానికి రుణ వాటా వచ్చి కలుస్తుంది. కల్తీ! అంటే ఎవరి ప్రమేయమూ లేకుండా, వ్యాకోచం ఒక్కదానివల్లే పదార్థం పుట్టుకొస్తుంది. అద్దమే లేని చోట వెలుగు వెనక్కి మళ్ళుతుంది.

ష్రోడింగర్ కంగారుపడ్డాడు. ఆ సంగతి ఫిజికా పత్రికలో వచ్చిన తన పత్రంలోనే రాశాడు. శాస్త్రపత్రంలో అంత సూటిగా ఆ మాట అనగలిగినందుకే ఆయన మీద నాకు ఎక్కడలేని గౌరవం.

ఇంకా తవ్వి చూస్తే కాస్త ఊరట దొరికింది. దోషం వ్యాకోచవేగానిది కాదు, బహుశా త్వరణానిది. విశ్వం ఒకే వేగంతో సాగినంతకాలం భయం లేదు, వేగం పుంజుకుంటేనే ముప్పు. అంతలో యుద్ధం మొదలైంది. ఆయన డబ్లిన్ వెళ్ళిపోయాడు. ఆ పత్రాన్ని చాలా ఏళ్ళు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1960లలో హార్వర్డ్‌లో లియొనార్డ్ పార్కర్ తన పిహెచ్‌డి కోసం ఈ సమస్యను క్వాంటం క్షేత్రాలతో మొదటినుంచీ కట్టుకొచ్చాడు. అసలు చిక్కు అప్పుడు బయటపడింది. ఎన్ని కణాలు పుట్టాయో చెప్పాలంటే ముందు ఖాళీ అంటే ఏమిటో తేల్చుకోవాలి. సాగే విశ్వంలో ఈ క్షణపు శూన్యం మరో క్షణపు లెక్కలో కణాలతో నిండి ఉంటుంది. రెండు లెక్కల్లోనూ గణితం తప్పు ఉండదు. వ్యాకోచం మొదట్లోనూ చివర్లోనూ నెమ్మదిగా ఉంటే ఆ రెండు కొసలనూ పోల్చి ఇన్ని కణాలని చెప్పొచ్చు. నడుమ ఎన్ని ఉన్నాయంటే మాత్రం ఒక్క జవాబు లేదు. వంపు తిరిగిన స్థలకాలంలో క్షేత్రాన్ని క్వాంటీకరించే దారి ఒక్కటే కాదని 1973లో స్టీఫెన్ ఫుల్లింగ్ తేటతెల్లం చేశాడు. ఏ శూన్యంతో మొదలుపెట్టాలో మనమే ఎంచుకోవాలి. నేటి విశ్వంలో ఇలా పుట్టే కణాలు లెక్కలోకి రానంత తక్కువని పార్కర్ తేల్చాడు కాబట్టి, ఇదంతా కాగితాల మీది తగువుగానే మిగిలిపోవాల్సింది.

1981లో సోవియట్ శాస్త్రవేత్తలు ముఖనోవ్, చిబిసోవ్ విశ్వపు తొలి ఘడియలకు ఇదే లెక్క వేశారు. అప్పటి వ్యాకోచం సరిగ్గా ష్రోడింగర్ భయపడ్డ రకం, అంటే వేగం పుంజుకుంటూ పోయేది. శూన్యంలోని అతి చిన్న అలజడులు ఆ సాగుడులో పెరిగి, పదార్థం ఒకచోట రవంత ఎక్కువగా, మరోచోట రవంత తక్కువగా పేరుకోవడానికి కారణమయ్యాయి. 1992లో కోబీ ఉపగ్రహం ఆకాశమంతా పరుచుకున్న సూక్ష్మతరంగాల్లో వాటి ఆనవాలుగా లక్షకు ఒక వంతు పాటి హెచ్చుతగ్గులను పట్టుకుంది. నేడు ఎక్కువమంది ఒప్పుకునే లెక్క ప్రకారం గెలాక్సీలకూ నక్షత్రాలకూ ఈ భూమికీ విత్తనాలు ఆ తొలి అలజడులే.

ఆ కల్తీ జరగకపోయి ఉంటే, గెంట్‌లో కూర్చుని దాన్ని చూసి కంగారుపడడానికి ష్రోడింగర్ అనేవాడు పుట్టేవాడే కాదు.