బాలపీఠ పద్యం: టీకా తాత్పర్య విశేషాలతో

అవతారిక

1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు మద్రాసులో అచ్చుకూటం పెట్టింది మొదలు, పక్కన టీకా తాత్పర్యం లేకపోతే తెలుగువాడికి పద్యం అరగదు. ప్రబంధాలకు వ్యాఖ్యలున్నాయి, శతకాలకున్నాయి. రెండేళ్ల పిల్లవాణ్ణి దొడ్డికి కూర్చోబెట్టడానికి ఎలాంటి పీట కొనాలో చెప్పే పద్యానికి మాత్రం వ్యాఖ్య లేదు. అసలు ఆ పద్యమే లేదు కాబట్టి వ్యాఖ్య లేకపోవడం న్యాయమే. అందుకని రెండూ నేనే రాశాను. సొంత పద్యానికి సొంత టీక రాసుకోవడంలో ఒక సుఖముంది: కవి హృదయమేమిటని ఎవరినీ అడగనక్కరలేదు. అయినా రాస్తూ పోతుంటే కవికీ వ్యాఖ్యాతకూ పడని చోట్లు వచ్చాయి. వాటిని దాచలేదు.

సందర్భం ఇది. నంద్యాల జిల్లా రుద్రవరంలో కాపురముంటున్న ఒక తల్లి ఆళ్లగడ్డకు వచ్చి, ప్లాస్టిక్ సామాన్ల అంగడి ముందు నిలబడి ఇంటికి ఫోను చేసింది. బాతు బొమ్మది ఉంది, కారు బొమ్మది ఉంది, నిచ్చెన మెట్లది ఉంది, పాట పాడేది కూడా ఉంది. ఇంటి దగ్గర పిల్లవాణ్ణి చూసుకుంటున్న అవ్వ "ఏందిమే, దొడ్డికి కూర్చునేదానికి అంత దుడ్లు పెట్టాల్నా?" అంది. దానికి ఆ తల్లి చెప్పిన జవాబు ఈ పద్యం. వృత్తం ఆటవెలది.

మూలం

కాలు నేలకాని కలవర పడకుండ
పట్టు దొరికి వెనక పడని రీతి
కడుగ సులువుగాను గదిలోన నిముడెడి
పీట యొకటి చాలు బిడ్డకవ్వ

ప్రతిపదార్థం

అవ్వ = ఓ అవ్వా; కాలు = పిల్లవాని పాదములు; నేలకు + ఆని = భూమిని తాకి నిలిచి; కలవర పడకుండ = బెదరక; పట్టు దొరికి = చేతికి ఆసరా చిక్కి; వెనక పడని రీతి = వెల్లకిలా దొర్లని విధముగా; కడుగన్ = కడుగుటకు; సులువుగాను = తేలికగా; గదిలోనన్ = బాత్రూమునందు; ఇముడెడి = పట్టునట్టి; పీట యొకటి = ఒక్క పీట; బిడ్డకున్ = పసివానికి; చాలు = సరిపోవును.

తాత్పర్యం

బాతూ వద్దు, కారూ వద్దు. కాళ్లు ఆనేది, దొర్లనిది, కడిగితే శుభ్రమయ్యేది ఒకటి తెస్తాను, నువ్వు కంగారు పడవద్దు అని భావం.

విశేషాలు

"కాలు నేలకాని". కవి పద్యాన్ని పిల్లవాడి కాలితో మొదలుపెట్టడం యాదృచ్ఛికం కాదు. అంగట్లో వాళ్లు పైభాగం చూపిస్తారు: రంగు, బొమ్మ, మెత్త. కొనేవాళ్లు చూడవలసింది కింద. కూర్చున్న పిల్లవాడి మోకాలు తుంటికన్నా ఒక పిసరు పైకి ఉండాలి, అరికాళ్లు రెండూ నేల మీద ఉండాలి. కాళ్లు గాల్లో వేలాడుతుంటే ముక్కడానికి బలం చాలదు. దీనికి శరీరంలోనే కారణముంది. మలద్వారానికి కాస్త పైన పేగును వెనకనుంచి ఉచ్చులాగా ముందుకు లాగి పట్టుకొనే కండరం ఒకటుంది. కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటే అది సగమే వదులుతుంది. గొంతుక్కూర్చుంటే బాగా వదులుతుంది, దారి తిన్ననవుతుంది. మన పెద్దలకు ఈ కండరం పేరు తెలియదు గానీ దాని స్వభావం తెలుసు.

ఈ పాదాన్ని కొందరు "నేల కాని" అని విరుస్తారు. అప్పుడు కాళ్లు నేలమీద కాక ఇంకెక్కడో ఉన్నాయని అర్థం వస్తుంది. ఇది అపపాఠం. పెద్దవాళ్ల కమోడ్ మీద బిగించే గుండ్రటి చిన్న సీటు తయారుచేసేవాళ్లు మాత్రం ఈ అపపాఠాన్నే ప్రమాణంగా తీసుకున్నట్టున్నారు. ఆ సీటుకు కింద మెట్టుపీట జతపడితే కొంత నయం. నిచ్చెనతో కలిపి అమ్మేది ఉందిగదా అంటారేమో. ఉంది. రెండేళ్లవాడు అవసరం మీదపడినప్పుడు మెట్లెక్కి, వెనక్కి తిరిగి, కూర్చునే లోపల కథ మెట్టు మీదే ముగుస్తుంది.

పైగా ఆ గుండ్రటి సీటు బిగించడానికి ముందు ఇంట్లో కమోడ్ ఉండాలి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలై, ఇంటి మరుగుదొడ్డికి 12,000 రూపాయల ప్రోత్సాహకం వచ్చిన కాలంలో పల్లెల్లో కట్టుకున్నవి ఎక్కువగా నేలమట్టం బేసిన్లు. తక్కువ నీళ్లతోనే కొట్టుకుపోయేట్టు వాటి వాలు నిటారుగా ఉంటుంది. పెద్దవాళ్లకు అది సౌకర్యం. పసివాడికి మాత్రం అది బావి. అటొక కాలు ఇటొక కాలు పెట్టేదానికి వాడి తొడలు చాలవు, మధ్యలో చూస్తే చీకటి బొక్క. నేనైతే అక్కడ కూర్చోనని ఏడ్చే పిల్లవాడిదే న్యాయమంటాను. కాబట్టి రుద్రవరంలాంటి ఊళ్లో ముందు కొనవలసింది నేలమీద పెట్టే పొట్టి పీట. బేసిన్ సంగతి వాడి కాళ్లు పెరిగాక చూసుకోవచ్చు.

"కలవర పడకుండ". ఎవరు కలవరపడకుండా? బిడ్డా, తల్లా, అవ్వా? కవి చెప్పలేదు కాబట్టి ముగ్గురికీ అన్వయించాలి. ఇక్కడ శాస్త్రంలో రెండు మతాలున్నాయి. మొదటిది శనైర్వాదం. అమెరికాలో బ్రాజెల్టన్ అనే పిల్లల వైద్యుడు 1,170 మంది పిల్లలను చూసి 1962లో ఒక వ్యాసం రాశాడు. బిడ్డ సిద్ధమయ్యేదాకా ఆగండి, బలవంతం వద్దు అన్నాడు. ఆయన లెక్కలో పగటిపూట అలవాటు పూర్తయ్యే సగటు వయసు 28.5 నెలలు. రెండోది సద్యోవాదం. అజ్రిన్, ఫాక్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1974లో ఒక్క రోజు లోపలే నేర్పవచ్చంటూ పుస్తకమే వేశారు. అవ్వ ఈ రెండు మతాల్లో దేనికీ చెందదు. ఆమె నెలల బిడ్డప్పటినుంచే మొదలుపెడుతుంది, ఎప్పుడు ముగించాలన్న తొందర మాత్రం పెట్టుకోదు.

సిద్ధమయ్యాడని ఎట్లా తెలుస్తుంది? ఆడుకుంటున్నవాడు ఉన్నట్టుండి మాట మానేస్తాడు. తలుపు చాటుకు పోయి, ఒక చేత్తో తలుపు రెక్క పట్టుకొని, మొహం ఎర్రబరచుకొని, ఎవరూ తనను చూడటం లేదన్న నమ్మకంతో నిలబడతాడు. ఇంట్లో అందరికీ తెలుసు వాడేం చేస్తున్నాడో. ఈ తలుపుచాటు ఘట్టం వచ్చిందంటే పీట కొనే ముహూర్తం వచ్చినట్టే. డైపరు రెండు గంటలు పొడిగా ఉండటం, చెడ్డీ తానే లాక్కోవడం దీనికి తోడైన శకునాలు.

పాట పాడే పీట ఈ పదం దగ్గరే ఓడిపోతుంది. లోపల తడి తగలగానే కింద యంత్రం పాటందుకుంటుంది. బిడ్డకు బహుమానమని తయారుచేసినవాళ్ల ఉద్దేశం. కొందరు పిల్లలు మురుస్తారు, నిజమే. కొందరు ఉలిక్కిపడి లేచిపోతారు, మిగిలిన పని నేలమీద జరుగుతుంది. ఒకసారి జడిసినవాడు బిగపట్టడం మొదలుపెడితే మలం గట్టిపడుతుంది. గట్టిపడితే నొప్పి, నొప్పికి భయపడి మళ్లీ బిగపట్టడం. ఈ చక్రంలో పడ్డ బిడ్డకు ఏ పీటా పనిచేయదు. ముందు నీళ్లు, పండ్లు, ఆకుకూర; అప్పటికీ కుదరకపోతే డాక్టరు.

"పట్టు దొరికి". పద్యానికి ప్రాణం ఇది. ఈ పట్టు ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే అంగడి వదిలిపెట్టి ఇంటి వెనక్కి పోవాలి. అవ్వ చిన్న పీట వేసుకొని కూర్చుంటుంది. చీర మోకాళ్ల దాకా ఎగదోపుకొని కాళ్లు చాస్తుంది. రెండు పాదాలను దగ్గరగా పెట్టి మధ్య బెత్తెడు సందు వదులుతుంది. బిడ్డను తెచ్చి తన పాదాల మీద గొంతుక్కూర్చోబెట్టి, రెండు చంకల కింద చేతులు వేసి పట్టుకుంటుంది. తర్వాత "ఉస్... ఉస్..." బిడ్డ అవ్వ మొహంలోకి చూస్తాడు. అవ్వ కాకిని చూపిస్తుంది, కోడిని చూపిస్తుంది. పని అయిపోతుంది.

ఇప్పుడు అంగట్లో అట్టపెట్టె మీద అచ్చేసిన గుణాలను దీనితో పోల్చి చూడండి. వీపుకు ఆసరా, చేతులకు పట్టు, ఒంటికి ఒత్తుకోని మెత్తదనం, బిడ్డ సైజుకు సర్దుబాటు, సంగీతం. అన్నీ అవ్వ కాళ్ల దగ్గర ఉన్నవే. పీట తయారుచేసేవాళ్లు ఇన్నేళ్లుగా అనుకరిస్తున్నది అవ్వ పాదాలనే అని నా అభిప్రాయం. ఏథెన్స్ అగోరా మ్యూజియంలో క్రీస్తుకు పూర్వం 6వ శతాబ్దం నాటి మట్టిపీట ఒకటి ఉంది. బిడ్డను పైనుంచి లోపల దింపితే కాళ్లు ముందున్న రంధ్రంలోంచి బయటికి వస్తాయి. మంచి పనితనమే. కానీ అక్కడా కాలు నేలకానలేదు, పట్టుకొనేదానికి అవ్వ చేతులూ లేవు. మన కాశ్యప సంహితలో శిశువును తొలిసారి నేలమీద కూర్చోబెట్టే ఉపవేశన సంస్కారం ఉంది. కూర్చోవడాన్ని ఒక సంస్కారంగా చూసిన దేశంలో పుట్టి, మనం దాన్ని బాతు బొమ్మకు అప్పజెప్పాము.

ఇక్కడ పూర్వపక్షం: అవ్వ కాళ్లే ఉండగా పీట ఎందుకు? సమాధానం: అవ్వకు మోకాళ్ల నొప్పులు. బిడ్డ పది కిలోలు దాటాడు. ఇంటి వెనక మట్టి పోయి బండలు వచ్చాయి. ఆమెకే డాక్టరు ఎత్తుకుర్చీ రాసిచ్చాడు. అదే అంగట్లో ఒక పక్క అవ్వకు కమోడ్ కుర్చీ, ఇంకో పక్క మనవడికి పాటీ సీటు.

"వెనక పడని రీతి". మన జిల్లాలో ఇళ్లకు బేతంచర్ల నాపరాళ్లు. పాలిష్ పట్టిన బండ మీద నాలుగు చుక్కలు పడితే ప్లాస్టిక్ పీట జారుతుంది. కింద రబ్బరు పట్టీ ఉందో లేదో తిరగేసి చూడండి. తర్వాత నేలమీద పెట్టి ఒక అంచు మీద అరచేయి ఆనించి గట్టిగా నొక్కండి. అవతలి అంచు లేచిందా, దాన్ని అక్కడే వదిలేయండి. అంగడాయన ఏమనుకుంటాడోనని మొహమాటపడితే తర్వాత బండకు తగిలేది పిల్లవాడి తల. మగపిల్లలకు ముందువైపు చిన్న గట్టు ఉండాలి. అది నున్నగా ఉండాలి, మరీ ఎత్తుగా ఉండకూడదు. గుర్రం బొమ్మ పీటకు గట్టు బదులు గుర్రం తల ఉంటుంది. చెడ్డీ మోకాళ్ల దగ్గర ఉన్నవాడు దాని మీదుగా కాలు ఎట్లా వేస్తాడు?

"కడుగ సులువుగాను". లోపలి గిన్నె విడిగా, ఒకే ముక్కగా పైకి రావాలి. మెత్త అతికించిన సీటు నాలుగు రోజులు సుఖం, తర్వాత కుట్లలోకి తడి చేరుతుంది. గిన్నెలోది బేసిన్‌లోనే పోయాలి, పెంటదిబ్బ మీద కాదు. పసిబిడ్డదేలే అని చాలామంది తేలికగా తీసుకుంటారు గానీ అందులోనూ రోగక్రిములు ఉంటాయి. కడిగినవాళ్లూ కూర్చున్నవాడూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇంకొక స్థానిక విశేషం. నంద్యాల ఎండ సంగతి చెప్పనక్కరలేదు. మే నెలలో మధ్యాహ్నం పీటను కడిగి మిద్దె మీద బోర్లించి, అట్లే తెచ్చి బిడ్డను కూర్చోబెట్టారో, వాడు ఇంకో నెల దాని దగ్గరికి రాడు. ముందు మీ అరచేయి పెట్టి చూడండి.

"గదిలోన నిముడెడి". ఇక్కడ కవితో నాకు విభేదం. బాత్రూములో నీళ్ల డ్రమ్ము, బకెట్లు, బట్టల బేసిను పోగా మిగిలిన జాగాలో పీట ఇముడుతుందా అని కవి చింత. మొదట్లో పీట ఉండవలసింది అక్కడ కాదు, బిడ్డ ఆడుకొనేచోట. వాడు ముందస్తు నోటీసు ఇవ్వడు. వరండా దాటి బాత్రూము చేరేంత వ్యవధి ఉంటే ఈ పద్యంతోనే పనిలేకపోయేది.

"పీట". పీఠానికి వికృతి. ఆళ్లగడ్డ శిల్పులు విగ్రహాల కింద రాతిలో చెక్కేది ప్రకృతి రూపం. మనం కొనేది ప్లాస్టిక్‌లో పోసిన వికృతి రూపం.

"బిడ్డకవ్వ". సంబోధనగా తీసుకుంటే "ఓ అవ్వా" అని అర్థం. "బిడ్డకు అవ్వే పీట, అది ఒక్కటి చాలు" అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది. పై వ్యాఖ్యను బట్టి రెండో అర్థమే కవి లోపల ఉన్నదని నా ఊహ. పిల్లవాడి నాయన వైపువాళ్ల పాఠం వేరు: "బిడ్డ జేజి". తల్లి తల్లిని అవ్వ, తండ్రి తల్లిని జేజి అనే ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఛందస్సుకు రెండూ సరిపోతాయి. విభక్తి మాత్రం రెండో పాఠంలో లోపించింది. ఇంతకుమించి తేల్చితే సంక్రాంతికి ఏదో ఒక ఇంట్లో నాకు భోజనం ఉండదు.

"యొకటి చాలు". ఇదీ కవి పొరపాటే. అవ్వ ఇల్లు ఒక ఊళ్లో, జేజి ఇల్లు ఇంకో ఊళ్లో. బిడ్డ రెండు చోట్లా ఉంటాడు. పీట మాత్రం ఎప్పుడూ వాడు లేని ఊళ్లోనే ఉంటుంది. బస్సులో సంచి నుంచి బాతు తల బయటికి పెట్టుకొని తిరగడానికి తల్లి ఒప్పుకోదు. కాబట్టి "పీట రెండు చాలు" అని సవరిస్తున్నాను. "యొకటి" నగణం, "రెండు" హగణం; రెండూ సూర్యగణాలే, పద్యం చెడదు. ఛందస్సు ఒప్పుకుంది. ఇక ఒప్పుకోవలసింది దుడ్లిచ్చే వాళ్ల నాయన.