సాగర్ గట్టున గాలం: ఒక యాత్రా విధానం

కొండల నడుమ సరస్సు అంచు వెంట నడుస్తూ, పొద్దు గూకిన చోట గుడారం వేసుకుని, గాలానికి పడిన చేపను అక్కడికక్కడే కాల్చుకు తినే యాత్ర అమెరికాలోని సియెర్రా నెవాడా పర్వతాలలోను, నార్వే కొండలలోను చిరకాలంగా ఉన్న అలవాటు. ఆ అలవాటును నరసరావుపేట, గురజాల, మాచర్ల సీమలకు తెచ్చుకోవాలని ముచ్చటపడేవారు చేయవలసిన ఏర్పాట్లను, అంతకన్నా ముఖ్యంగా చేయకుండా వదిలేయవలసిన ఏర్పాట్లను, వివరించడం ఈ వ్యాసం పని. అటువంటి ముచ్చట గలవానికి ఇక్కడ యాత్రికుడు అన్న పేరు వాడుతున్నప్పటికీ తీర్థాలకు పోయేవారితో అతనికి పోలిక లేదు. అయితే రెండో రోజు మధ్యాహ్నానికి ఇద్దరూ తలచుకునే దేవుళ్లు ఒకరే.

మొదటి పని సరస్సును ఎంచుకోవడం. పల్నాడులో ఈ పని నిమిషంలో ముగుస్తుంది, ఎందుకంటే కొండల మధ్య పెద్ద నీరంటే ముందుగా తలపుకు వచ్చేది నాగార్జునసాగరే, అదీ సరస్సు కాదు. సరస్సు అంటే ప్రకృతి తవ్విన పల్లంలో తనంతట నిలిచిన నీరు. జలాశయం అంటే నదికి అడ్డంగా కట్టిన గోడ వెనుక, పారడానికి అనుమతి కోసం ఎదురుచూస్తున్న నీరు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్ట నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఈ రెండు తేదీల మధ్య మునిగిపోయినది ఉత్త లోయ కాదు, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1926లో వెలుగు చూసిన అక్కడి బౌద్ధ శిథిలాలను 1954 నుంచి 1960 వరకు హడావుడిగా తవ్వి, కొన్నిటిని నాగార్జునకొండ నెత్తికీ, కొన్నిటిని ఒడ్డునున్న అనుపుకూ తరలించి, మిగిలిన వాటిని కృష్ణమ్మకు అప్పగించారు. యాత్రికుడు ఈ చరిత్ర చదవకుండా బయలుదేరడమే మేలు. చదివితే గాలం దేనికో పట్టుకుని రాకుండా మొరాయించిన ప్రతిసారీ అది బొచ్చె చేపా, మూడో శతాబ్దపు విహారం ఇటుకా అన్న మీమాంసలో పడి చేప మీద ధ్యాస నిలవదు.

తరువాతి పని నడక దారిని పటం మీద గీసుకోవడం. ఇక్కడ తెలియవలసిన మాటలు రెండున్నాయి. జలాశయం నిండుగా ఉన్నప్పుడు నీరు నిలిచే ఎత్తును పూర్తి నీటిమట్టం అంటారు. సాగర్‌కు అది 590 అడుగులు. ఇక వాడుకోకూడదని గీసుకున్న అడుగు గీతను కనీస నీటిమట్టం అంటారు. అది 510 అడుగులు. ఈ రెంటి నడుమ 80 అడుగుల నిలువు తేడాలో ఒడ్డు అనేది ఏటా కిందికి దిగుతూ పైకి ఎక్కుతూ ఉంటుంది. ఏటవాలు చదునైన చోట నీరు ఒక్క అడుగు దిగితే ఒడ్డు ఎన్నో గజాలు వెనక్కి జరుగుతుంది గనుక, సెప్టెంబరులో గేట్లెత్తిన రోజు తీసిన ఫొటో చూసి మే నెలలో దారి గీసుకున్నవాడు, గీసుకున్న దారిలోనే తు.చ. తప్పకుండా నడిచి, సాయంత్రానికి నెర్రెలిచ్చిన బురద మధ్య నిలబడి, దూరాన మెరుస్తున్న నీటిని దుర్భిణితో చూడగలుగుతాడు. దుర్భిణి తప్పక తీసుకువెళ్లాలి. కాలువలకు నీరు ఎప్పుడు వదులుతారో రైతును అడిగితే ఒడ్డు ఎక్కడుంటుందో అతను నోటిలెక్కతో చెప్పగలడు. అయినా అలా అడగడం యాత్రా మర్యాదకు భంగం, ఫోనులోని పటాన్నే నమ్మాలి.

కాలనిర్ణయం గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. ఎండాకాలం వర్జ్యం: రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత ఎక్కడ అన్న వార్తలో తరచు కనిపించే రెంటచింతల ఈ దారికి ఆమడ దూరంలో ఉంది. వానాకాలమూ వర్జ్యమే: పులులు జతకట్టే కాలమని అడవిలోకి సందర్శకులను రానివ్వరు, చేపలు గుడ్లు పెట్టే కాలమని వేటను ఆపుతారు. మిగిలిన చలికాలం నడకకు సుఖమైనది గనుక ఆ నెలల్లో యాత్రికునికి ఆఫీసులో సెలవు దొరకదు.

అనుమతుల ప్రకరణం ఈ విధానానికి గుండెకాయ వంటిది. సాగర్ దక్షిణపు ఒడ్డున నల్లమల కొండల్లోకి పోయే కొద్దీ దారి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోకి చొరబడుతుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించి, 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి తెచ్చిన ఈ అడవి విస్తీర్ణంలో దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటిలోకీ పెద్దదిగా పేరుపడింది. అభయారణ్యం అంటే మృగాలకు అభయం. మనుషులకు కాదని విడమరచి చెప్పడానికే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పుట్టింది. ఆ చట్టం 28వ సెక్షన్ ప్రకారం అభయారణ్య ప్రవేశానికి అనుమతి ఇవ్వదగిన పనులు కొన్నే: వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోలు తీయడం, శాస్త్ర పరిశోధన, పర్యటన, లోపల నివసించే వారితో న్యాయమైన వ్యవహారం. చేపలు పట్టడం అన్న మాట ఆ జాబితాలో ఎంత వెదికినా కనబడదు. అందుచేత కొందరు గాలాన్ని పరిశోధన పరికరంగానూ, చేపను పరిశోధనాంశంగానూ, పులుసును ఫలితాంశంగానూ దరఖాస్తులో చూపాలని ఆలోచిస్తారు. ఆలోచన బాగానే ఉంది, కాని ఆ దరఖాస్తు చదివే అధికారికి కూడా పులుసంటే తెలుసు.

అభయారణ్యం హద్దు దాటకుండా ఒడ్డునున్న విజయపురి సౌత్ అనే ఊరి పరిసరాల్లోనే గాలం వేస్తానంటే సంగతి మత్స్యశాఖ చేతిలోకి పోతుంది, జలాశయంలో వేటకు లైసెన్సు కావాలి. అదీ చిక్కులేనిది కాదు, ఎందుకంటే 2014 తరువాత ఈ నీటికి రెండు ఒడ్లున్నట్టే రెండు ప్రభుత్వాలున్నాయి. ఆనకట్టకు ఉన్న గేట్లు 26. 2023 నవంబర్ 30న ఆంధ్రప్రదేశ్ పోలీసులు సరిగ్గా పదమూడో గేటు దగ్గర ముళ్లకంచె వేసి సగం ఆనకట్టను తమ అదుపులోకి తీసుకోగా, తగవు ముదిరి చివరికి కేంద్ర బలగాలు వచ్చి కాపలా కాశాయి. కోడిపందెంతో మొదలై కారంపూడి రణరంగం దాకా పోయిన యుద్ధాన్ని నేటికీ కార్తికంలో ఉత్సవంగా జరుపుకునే సీమలో ఇదేమంత వింత కాదు. యాత్రికుడు గ్రహించవలసినది ఒక్కటే: ఏపీ నీటిలో ఎర మింగి తెలంగాణ నీటిలోకి ఉరికే చేపకు ఏ లైసెన్సు వర్తిస్తుందో పైకి లాగక ముందే తేల్చుకోవాలి.

ఇక సరంజామా. వీపు సంచి ఎంత పెద్దదైతే అంత మంచిది, ఎందుకంటే అవసరం లేని వస్తువులకు చోటు కావాలి. విదేశీ గాలం వేటలో మూలస్తంభం నకిలీ ఎర, అంటే ఈకలతోనో రబ్బరుతోనో చేసి పురుగులాగానో చిరుచేపలాగానో నీటిలో ఆడించే బొమ్మ. అది ట్రౌట్ అనే చన్నీటి చేపను మోసగించడానికి పుట్టింది. ట్రౌట్ మన దేశంలో కాశ్మీరులోను, హిమాచల్‌లోను, నీలగిరి కొండల్లోను బతుకుతుంది, కృష్ణలో బతకదు. కృష్ణలో దొరికే బొచ్చె నీటి పైపొరలో నోరు మీదికి తెరుచుకుని సూక్ష్మజీవులను జల్లెడ పట్టుకు తినే జీవి; శీలావతి నడిమి నీళ్లలో మేస్తుంది; మోసు అడుగు బురదలో వెదుక్కుంటుంది. ఈ మూడింటిలో ఏదీ రబ్బరు కప్పను చూసి ఆశపడదు. తవుడు, వేరుశనగ చెక్క కలిపి పిసికిన ముద్దో, పిడికెడు వానపాములో అయితే ఫలితం ఉండవచ్చు. కొర్రమీను, వాలుగ మాత్రం వేటాడి తినేవి గనుక బొమ్మ ఎరకు పడతాయని ఒప్పుకోక తప్పదు. అయితే వేలు పెట్టి ఖరీదు చేసిన ఆ బొమ్మ మొదటి విసురులోనే నీట మునిగిన తుమ్మకొమ్మకు పట్టుకుని శాశ్వతంగా అక్కడే ఉండిపోవడం ఆనవాయితీ. పట్టిన చేపను ఫొటో తీసి తిరిగి నీటిలో వదలడం పాశ్చాత్యుల సదాచారం. పల్నాడులో అయిదు కిలోల బొచ్చెను వదిలి వచ్చానన్న మాట ఇంట్లో చెబితే బంధువులు చేపను గురించి కాక చెప్పినవాని ఆరోగ్యాన్ని గురించి విచారిస్తారు.

పాదరక్షల విషయంలో పాత సాహిత్యం హెచ్చరించకపోలేదు. ఈ సీమ రాళ్లను, తేళ్లను, జొన్నకూడును ఆడిపోసుకుంటూ చెప్పిన చాటువులు శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్నాయి; పొరలు పొరలుగా పగిలే నాపరాయి అంచు, పలుచని బూటు అడుగుకు తగిలినప్పుడు, కవిసార్వభౌముని కోపంలో అతిశయోక్తి పాలు తక్కువేనని తెలుస్తుంది. రాళ్లు వదిలిన పాదాలను పల్లేరుకాయలు చూసుకుంటాయి.

దారిలో ఎత్తిపోతల జలపాతం దగ్గర ఆగడం ఆచారం. చంద్రవంక అనే వాగు కృష్ణలో కలవబోయే ముందు సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటు అది. యతులు తపస్సు చేసిన తలం కనుక ఆ పేరు వచ్చిందని భక్తులు చెబుతారు. నీరు ఎత్తి పోసినట్టుంటుంది కనుక వచ్చిందని మామూలు మనుషులకు తోస్తుంది. జలపాతం అడుగున మడుగు నిశ్చలంగా, పచ్చగా, గాలం వేయమని పిలుస్తున్నట్టు ఉంటుంది. అదే చోట మొసళ్ల పెంపక కేంద్రం కూడా ఉన్నదన్న సంగతిని యాత్రా ప్రణాళికలు సాధారణంగా చివరి పేజీలో చెబుతాయి. ఇక్కడివి మగ్గర్ జాతి, అంటే మంచినీటిలో ఉండే వెడల్పు మూతి మొసళ్లు. చలికాలం ఉదయాల్లో ఒడ్డునెక్కి నోరు తెరుచుకుని ఎండ కాగుతాయి, అచ్చంగా గాలం వేసేవాడు కూర్చోదలచిన చోటనే. చట్టం వాటికి పులితో సమానమైన రక్షణ ఇచ్చింది గనుక మొదట కూర్చున్నది ఎవరైనా లేచి పోవలసినది యాత్రికుడే.

రాత్రి గుడారం ముందు మంట వేసుకుని చేప కాల్చుకోవడం ఈ యాత్రకంతటికీ శిఖరం. చట్టంలోని 30వ సెక్షన్ అభయారణ్యానికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడాన్ని నిషేధిస్తున్నందునా, చలికాలం దాటితే నల్లమలలో ఎండుటాకు అంటుకోవడానికి బీడీ ముక్క చాలు గనుకా, ఈ శిఖరాన్ని చల్లగా అధిరోహించాలి. కాల్చుకోవడానికి చేప కూడా లేకపోవడం ఈ సమస్యను చాలావరకు పరిష్కరిస్తుంది. ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టె, గోంగూర పచ్చడి ఈ ఘట్టంలో బయటికి వస్తాయి. సరంజామా మొత్తంలో పనికి వచ్చినవి ఇవి రెండే కావడం, వీటిని సంచిలో పెట్టినది యాత్రికుడు కాక అతని తల్లి కావడం గమనించదగినవి.

తెల్లవారుజామున నీటి మీద మంచు తెర విడిపోతుండగా పుట్టి కనిపిస్తుంది. పుట్టి అంటే వెదురుతో అల్లిన గుండ్రటి బుట్టకు పట్టా కప్పి తారు పూసి తయారుచేసిన పడవ. దానికి ముందూ వెనుకా ఉండవు, తెడ్డు వేసేవాడు ఎటు చూస్తే అదే ముందు. తరాల కిందట విశాఖ వైపు సముద్ర తీరం నుంచి వలస వచ్చి ఈ నీటి ఒడ్డున గుడిసెలు వేసుకున్న వాడబలిజ కుటుంబాలవారు రాత్రి వేసిన వలలను అప్పుడు ఎత్తుకుంటూ ఉంటారు. వారి దగ్గర దుర్భిణి, పటం, టార్చి తగిలించిన టోపీ వంటివేమీ ఉండవు. "మొసళ్లున్నాయా బాబాయ్?" అని యాత్రికుడు ఒడ్డు నుంచి కేకవేస్తే, "ఉంటే ఏమైందబ్బాయ్, అవి వాటి పని చూసుకుంటయ్" అన్న జవాబు వల లాగుతున్న చేతులు ఆగకుండానే వస్తుంది. ఆ పని ఏమిటో అడగడానికి వీలులేనంతలో పుట్టి ఒక చుట్టు తిరిగి దూరమవుతుంది.

కొనుగోలు ప్రకరణం ఇక్కడ ప్రారంభమవుతుంది. పుట్టి ఒడ్డుకు చేరగానే చేపలను కాటాకు ఎత్తి తీసుకుపోయే వ్యాపారి సిద్ధంగా ఉంటాడు గనుక యాత్రికుడు ముందుగానే పరుగెత్తి, బేరమాడకుండా, ఒక బొచ్చెను సొంతం చేసుకోవాలి. పొలుసు గీకించక ముందే ఫొటో తీయించుకోవాలి. గాలపు కర్ర రెండో చేతిలో కనిపించాలి. నీరు, కొండ వెనుక పడాలి. అయితే వలలో చిక్కిన చేపకు మొప్పల వెనుక, వలకన్ను బిగిసిన చోట, పొలుసులు లేచి ఉంగరం వంటి గీత పడుతుంది. ఈ గీత పట్నం స్నేహితులకు తెలియదు కాని మాచర్ల మేనమామకు ఫొటోలోనైనా చటుక్కున తెలుస్తుంది. అందుచేత చేపను దవడ కింద వేలాడదీయకుండా, రెండు చేతులా పొదివి పట్టి, ఎడమ బొటనవేలిని సరిగ్గా ఆ గీత మీదుగా ఆనించి నిలబడాలి. అప్పుడు గాలపు కర్ర పట్టుకోవడానికి చేయి మిగలదు. దాన్ని పుట్టి అబ్బాయికి ఇచ్చి, ఫొటోకు కనబడేట్టు పక్కన నిలబడమని అడగాలి.