మెట్ల కింద సర్కారు

కైరోలో ఫ్లాటు అద్దెకిచ్చేది యజమాని. అందులో మిమ్మల్ని ఉండనిచ్చేది మాత్రం బవ్వాబ్. పేరుకు ద్వారపాలకుడే గానీ ద్వారాన్ని ఆయన పెద్దగా పట్టించుకోడు, అది దాని మానాన తెరిచే ఉంటుంది. ఆయన కాపలా కాసేది మీ గుట్టుమట్లకు.

పొడుగాటి గలాబియా అంగీ, తలకు చుట్టిన తెల్లగుడ్డ, గేటు పక్కన చెక్కబల్ల, చేతిలో గాజుగ్లాసు. అందులో నల్లటి టీ, చెంచా నిలబడేంత చక్కెర. కాపురం మెట్ల కిందో, సెల్లారులోనో ఒకే ఒక్క గదిలో. భార్య మెట్లు కడుగుతుంది, పిల్లలు కొట్టుకు పరుగెడతారు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళకు ఇదేమీ కొత్త కాదు. సొంతూరు దక్షిణాన సయీద్‌లోనో, ఇంకా కిందికి నూబియాలోనో ఉంటుంది. 1902 నాటి పాత అస్వాన్ ఆనకట్ట నుంచి 1960ల్లో కట్టిన హై డ్యామ్ దాకా, నైలు నీళ్ళు ఊళ్ళమీదికి వచ్చినకొద్దీ నూబియా మగవాళ్ళు కైరో గేట్ల దగ్గరికి చేరారు.

ఈజిప్టులో మందబుద్ధి జోకులన్నీ సయీదీ మీదే, అంటే సయీద్ వాడి మీదే. ఆ జోకులేసుకుని నవ్వే నగరం ఊరెళ్ళేటప్పుడు తాళంచెవి అప్పగించేది కూడా ఆ సయీదీకే.

మూడో అంతస్తు డాక్టరమ్మ రాత్రి ఎన్నింటికి వచ్చింది, ఐదో అంతస్తాయన చెత్తసంచిలో ఏ సీసాలున్నాయి, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. పెళ్ళిచూపులకు ముందు అబ్బాయి తరఫువాళ్ళు వాకబు చేసేది ఆయన దగ్గరే. "ఆ అమ్మాయా..." అని ఆయన ఒక్క గుక్క టీ తాగాడంటే సంబంధం తప్పిపోయినట్టే. ఒంటరిగా ఉండే ఆడపిల్ల ఇంటికి మగవాడెవరైనా వస్తే లిఫ్టు హఠాత్తుగా పాడవుతుంది. వచ్చినవాడు సొంత అన్నయ్యే అని తేలాక బాగుపడుతుంది. జంటగా ఇల్లు చూడ్డానికి వస్తే పెళ్ళికాగితం చూపమనడానికి మొహమాటపడడు. ఈ ఉద్యోగం ఆయనకెవరిచ్చారో ఎవరూ చెప్పలేరు. తండ్రులకు ఇదంతా నచ్చుతుంది, కూతుళ్ళకు నచ్చదు. నేను కూతుళ్ళ పక్షం.

కానీ పొద్దున్నే వీధిలోకి వస్తే నా పక్షం కాస్త సడలుతుంది. కైరోలో కార్లు రెండు వరసల్లో ఆపుతారు. రెండో వరసవాళ్ళు గేరు న్యూట్రల్లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేయకుండా ఇంట్లోకి పోతారు. లోపలి కారు కదలాలంటే బయటి కార్లను చేత్తో నెట్టాల్సిందే. బవ్వాబ్ గలాబియా అంచు పళ్ళతో కరిచిపట్టి, భుజం ఆనించి, ఒకదాన్ని ముందుకీ ఇంకోదాన్ని వెనక్కీ జరిపి, నడుమ మీ కారుకు దారి చేస్తాడు. అద్దం తుడిచి "దయచేయండి పాషా!" అంటాడు.

1952 విప్లవం రాజును ఓడ ఎక్కించి, పాషా, బే బిరుదులు రద్దు చేసింది. ఆ కబురు మెట్ల కిందికి ఇంకా చేరలేదు. అక్కడ కారున్న ప్రతివాడూ పాషా. కారు లేకపోయినా కళ్ళజోడుంటే ఇంజనీరు. చిల్లర రాల్చనివాడికి మాత్రం కన్నవాళ్ళు పెట్టిన పేరే గతి. పండుగొస్తే "ఏటేటా చల్లగా ఉండాలి" అని దీవిస్తాడు. దీవించి అక్కడే నిలబడతాడు. చెయ్యి చాచడు, కదలడు. బక్రీదు మాంసంలో వాటా వేరే.

1987లో వచ్చిన 'అల్ బే అల్ బవ్వాబ్' సినిమాలో అహ్మద్ జకీ వేసింది ఈ పాత్రే. ఊరినుంచి వచ్చి, ఫ్లాట్ల బేరాలు కుదిర్చి, డబ్బున్న బే అయిపోతాడు. రచయిత అలా అల్-అస్వానీ 2002 నాటి 'యాకూబియన్ బిల్డింగ్' నవల ఇంకో వైపు చూపిస్తుంది. అందులో బవ్వాబ్ కొడుకు పోలీసు అధికారి కావాలని బాగా చదువుతాడు. ఇంటర్వ్యూలో తండ్రి వృత్తి అడిగి పంపేస్తారు. రాత్రీ పగలూ మేడను కాసినవాడి కొడుకు దేశాన్ని కాయడానికి పనికిరాడట!

కైరో శివార్లలోని కొత్త గేటెడ్ కాలనీల్లో యూనిఫాం గార్డులొచ్చారు, కెమెరాలొచ్చాయి. కెమెరా అన్నీ చూస్తుంది, నిజమే. కారు నెట్టదు.

మీరెప్పుడైనా కైరోలో ఇల్లు వెతుక్కోవాల్సివస్తే ప్రకటనలు తిరగేయకండి. ఏ ఫ్లాటు ఖాళీ అవుతోందో ముందు తెలిసేది బవ్వాబ్‌కే. కమీషన్ మొదటే మాట్లాడుకోండి. పండుగకు ముందురోజే చిన్న నోట్లు మార్చి పెట్టుకోండి.