జూలై ఒకటో తారీఖు

జిన్నారం చుట్టుపక్కల ఊళ్లలో నా ఈడు వాళ్ల ఆధార్ కార్డులు తిరగేసి చూడండి. చాలామంది జూలై 1నే పుట్టినట్టు ఉంటుంది. నాదీ అదే: 1953 జూలై 1. మా అవ్వకు గుర్తున్నదల్లా పోలీసు యాక్షన్ అయినంక ఐదో ఏడు, జొన్న కోతలప్పుడు నొప్పులొచ్చాయని. ఆ ముక్క విని బడి పంతులు వేళ్ల కణుపులు లెక్కబెట్టుకుని, బడిలో చేరడానికి వయసు సరిపోయేలా రిజిస్టరులో జూలై 1 అని రాశాడు. ఆ తారీఖు మీదే పటాన్‌చెరులో నాకు స్టోర్ క్లర్కు ఉద్యోగం వచ్చింది. ఆ తారీఖు మీదే 2011లో రిటైరయ్యాను. ఈ రోజుకీ నెలనెలా బ్యాంకులో పడే పింఛను కూడా దాని పుణ్యమే.

ఆయన ఆ రోజు కాగితం లేదని వెనక్కి పంపేసి ఉంటే నేను చక్రం తిప్పుకుంటూ బతికేవాణ్ని. చక్రం తిప్పడం తక్కువ పని అని అనడం లేదు. మా నాయన చేతి కుండకు చుట్టూ నాలుగూళ్లలో పేరుంది. కానీ నాయనకు సంతలో ఎవరెంత బాకీ ఉన్నారో గోడ మీద బొగ్గు గీతలు తప్ప మరో లెక్క తెలియదు. వానకు గోడ తడిస్తే బాకీ కూడా పోయేది.

మాది మిషన్ బడి. మాల మాదిగ వాడలో, ఊరికి దూరంగా, మట్టి గోడలు, బెంగుళూరు పెంకు. ఒకటే గది. ఆరు రోజులు బడి, ఆదివారం గుడి. శనివారం సాయంత్రం మేమే చాపలు దులిపి, పేడ నీళ్లతో అలికి, బల్ల మీద తెల్ల గుడ్డ పరిచేవాళ్లం. సోమవారం పొద్దున ఆ గుడ్డ మడిచి లోపల పెడితే అదే పంతులు బల్ల. ఒకటి నుంచి ఐదు దాకా అందరం అక్కడే. పంతులు ఒక్కడే. చదువు చెప్పేదీ ఆయనే, ప్రార్థన చేయించేదీ ఆయనే. మిషన్ ఇచ్చే జీతం తక్కువ. మిగతాది వాడలోని వాళ్లు కోతలప్పుడు తలా కాసిన్ని గింజలు కొలిచేవాళ్లు.

మెదక్ చర్చి పేరు వినని వాళ్లుండరు. పోస్నెట్ దొర 1914లో మొదలుపెట్టిస్తే 1924 క్రిస్మస్ నాడు తెరిచారు. కరువు కాలంలో జనానికి ఆ గుడి పని పెట్టి కూడు పెట్టారని పెద్దలు చెప్పేవాళ్లు. ఇప్పటికీ బస్సులు మాట్లాడుకుని పోయి గోపురం ముందు ఫొటోలు దిగుతారు. దిగండి, కాదనను. నా మటుకు నాకు ఆ మిషన్ వాళ్లు ఊరూరికీ పంపిన పంతుళ్లే ఆ గోపురం కన్నా ఎత్తు. గోపురం దగ్గరికి మనం పోవాలి. పంతులు మన గడపలోకి వచ్చాడు.

నిజంగానే వచ్చాడు. ఆ సాయంత్రం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. నాయన సారె దగ్గర కూర్చుని ఉన్నాడు, మోచేతుల దాకా మట్టి. పంతులు చెప్పులు బయట విడిచి, గూన పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"పొల్లగాన్ని నాకియ్యి. ఐదేండ్లు. పైస అడుగ."

"వాడకట్టు బడికి తోలితే రేపు ఊరోల్లు నా కుండలు కొంటరా పంతులూ?"

"ఎండకాలం రానియ్యి. సల్లనీళ్లు అందరికి గావాలె."

నాయన చాలాసేపు మాట్లాడలేదు. సారె ఆగిపోయింది. తెల్లారి నన్ను వాడ దాకా తోలుకుపోయింది అవ్వ.

మొదటి రోజు నేను గోనెసంచి వేరేగా వేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా నీళ్లు తాగలేదు. ఇంట్లో ఎవరూ తాగొద్దని చెప్పలేదు, ఊళ్లో గాలే అట్లా నేర్పింది. పంతులు చూశాడు. "ఆ కుండ ఎవరు చేసిండ్రు రా?" అన్నాడు. మా నాయనే అన్నాను. "మరి నీ నాయన కుండల నీళ్లు నువ్వు తాగకపోతే ఎవరు తాగాలె?" అని ఇత్తడి చెంబు ముంచి ఇచ్చాడు. దస్తగిరి సాయిబు ఇంటి పిల్లలు, తండా నుంచి ఇద్దరు లంబాడీ పిల్లలు, వాడ పిల్లలు, నేను, అందరం ఆ చెంబుతోనే తాగాం ఐదేళ్లు. వారం తిరక్కుండానే నా గోనెసంచి తక్కిన వాటితో కలిసిపోయింది. చేసిందంతా ఆ ఒక్క చెంబే, ఉపన్యాసం ఒక్కటీ ఇవ్వలేదు ఆయన.

చెక్క పలకలు. బొగ్గూ గుంటగలగరాకూ కలిపి నూరి పూసి ఎండబెడితే నల్లగా నిగనిగలాడేవి. నీడన ఎండితే మంచి నలుపు వచ్చేది, ఎండలో పెడితే పొట్టు లేచేది. ఆ పనికి బుధవారం మధ్యాహ్నం కేటాయింపు. వేపచెట్టుకు రైలు పట్టా ముక్క వేలాడేది, అదే గంట. కొన్నాళ్లు కేర్ వాళ్ల గోధుమరవ్వ ఉప్మా, పాలపొడి వచ్చాయి. ఆ పాలపొడి అరచేతిలో వేసుకుని నాకితే అంగిలికి అంటుకుపోయేది.

పంతులు నిజాం కాలంలో చదువుకున్నవాడు కాబట్టి ఉర్దూ బాగా వచ్చు. సాయిబుల పిల్లలకు లెక్క ఉర్దూలో చెప్పేవాడు, లంబాడీ పిల్లల కోసం వాళ్ల మాటలు నూటికి పైగా నేర్చుకుని ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. పిల్లవాడికి ముందు వాడి మాటలో చెప్పాలి, ఆ తర్వాత మన మాటలోకి తేవాలి అనేవాడు. ఇవాళ పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు మాతృభాషా బోధన అని సెమినార్లు పెడితే నాకు ఆ నోటుబుక్కే గుర్తొస్తుంది.

మతం సంగతి అడుగుతారు, తెలుసు. ఐదేళ్లూ ప్రార్థనలో నిలబడ్డాను. క్రిస్మస్ నాటకంలో గొర్రెలకాపరి వేషం వేశాను. మా ఇంట్లో పోచమ్మకు బోనం ఆగలేదు, బొంతపల్లి వీరభద్రుడి జాతరకు బండి కట్టడం ఆగలేదు. పంతులు దానికి ఒక్కనాడూ నన్ను తక్కువగా చూడలేదు.

ఆ రోజుల్లో అంతా బంగారమే అంటే అబద్ధం. చింత బరికె దెబ్బలు తిన్నాం, తినాల్సినదానికన్నా ఎక్కువే తిన్నాం. ఆడపిల్లలు మూడో తరగతి దాటేవాళ్లు కాదు. మా అక్క నాకన్నా చురుకు. రెండో ఎక్కం నుంచి పన్నెండో ఎక్కం దాకా తప్పులేకుండా అప్పజెప్పేది. దాన్ని మాన్పించినప్పుడు పంతులు మూడుసార్లు ఇంటికొచ్చాడు. మూడుసార్లూ నాయన తల ఊపలేదు. ఆ తప్పు మాది, బడిది కాదు.

తర్వాత ఫ్యాక్టరీలొచ్చాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలిచాక ఈ పక్క ఊపు ఇంకా పెరిగింది. పటాన్‌చెరు, బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి. మందుల కంపెనీలు, రంగుల కంపెనీలు. నేనూ ఆ కంపెనీల అన్నమే తిన్నాను, కాబట్టి ఉత్త తిట్లు తిట్టను. కానీ నక్కవాగు నీళ్లు రంగు మారాయి, కాజిపల్లి చెరువు చచ్చిపోయింది, పటాన్‌చెరులో డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారిలాంటి వాళ్లు దశాబ్దాలు కొట్లాడారు, కేసు 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. మా నాయన మట్టి తెచ్చే కుంట అడుగున కూడా వాసన పుట్టింది. ఆ మట్టితో కుండ చేయనన్నాడు. సారె అటకెక్కింది.

ఫ్యాక్టరీలతోపాటు మనుషులొచ్చారు. ముందు శ్రీకాకుళం, విజయనగరం. తర్వాత ఒడిశా, బీహార్, యూపీ, జార్ఖండ్, బెంగాల్. బొల్లారంలో ఒక సందులో నడిస్తే ఆరు భాషలు చెవిన పడతాయి. ఒక్కో గదిలో ఆరుగురు, రేకుల కప్పు. ఆ బతుకులు మనకు ఆపద వస్తేనే కనబడతాయి. 2020 లాక్‌డౌన్‌లో కంది దగ్గర ఐఐటీ కట్టడం పనిలో ఉన్న కూలీలు ఇంటికి పోతామని రోడ్డెక్కితే, మే 1న లింగంపల్లి నుంచి హటియాకు రైలు వేశారు. దేశం మొత్తంలో మొదటి శ్రామిక్ రైలు అదే. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా పోతే, పేపర్లో పేర్లు చదివాక కదా మనకు తెలిసింది, పక్క వీధిలో ఏ ఏ జిల్లాల వాళ్లు ఉంటున్నారో.

మరి వాళ్ల పిల్లలకు బడి ఎక్కడ? ఇక్కడే నా కడుపు మండేది.

మా మిషన్ బడి మూతబడి చాలా ఏళ్లయింది. పంతులు పోయాక వచ్చిన ఇద్దరు టీచర్లు రిటైరయ్యారు, వాళ్ల చోట మరొకరు రాలేదు. బడి పోయినా గుడి పెరిగింది. మట్టి గోడలు పోయి స్లాబు పడింది. నేల మీద పాలరాయి. చూడ్డానికి చల్లగా, శుభ్రంగా ఉంది. ఆదివారం కిటకిటలాడుతుంది. సోమవారం నుంచి శనివారం దాకా గేటుకు తాళం.

పోయిన ఏడాది అయ్యగారి దగ్గరికీ, కమిటీ పెద్దల దగ్గరికీ వెళ్లాను. నేను మీ సంఘం వాణ్ని కాను, ఈ గది చదువు తిన్నవాణ్ని, ఆ హక్కుతో అడుగుతున్నా అన్నాను. పగటిపూట రెండు గంటలు తలుపు తీయండి, పిల్లల్ని నేను పోగేస్తా, చెప్పేవాళ్లనూ నేనే వెతుకుతా. వాళ్లు మర్యాదగానే కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు. "లోపల లక్షల సౌండ్ సిస్టం ఉంది తాతా, పిల్లలు ముట్టుకుంటే ఎట్ల?" అన్నాడొక యువకుడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పేడ నీళ్లతో అలికిన నేల మీద మేం ముట్టుకోని వస్తువు లేదే! బల్ల మీది తెల్ల గుడ్డ మడిచింది మా చేతులే.

చర్చి పేరు పెట్టుకున్న ఇంగ్లిష్ మీడియం బడులు ఈ పక్క లేవని కాదు. పసుపు బస్సులు రోడ్డు నిండా. గేటు దగ్గర దరఖాస్తు ఫారం, డొనేషను, జనన ధ్రువపత్రం, టీసీ. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. వయసు రుజువు లేదని ఏ పిల్లనూ బడి వెనక్కి పంపకూడదని అందులో రాసి ఉంది. టీసీ ఆలస్యమైందనీ ఆపకూడదు. ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు ప్రమతి కేసులో తీర్పు ఇచ్చింది. కోర్టు ఇచ్చిన మినహాయింపును నేను తప్పుపట్టను, మైనారిటీల బడి మైనారిటీల చేతిలో ఉండాల్సిందే. కానీ 1958లో మా పంతులును మా ఇంటికి పంపిన చట్టం ఏది? ఏ చట్టమూ లేనప్పుడు చేసిన పనిని చట్టం అక్కర్లేదందని మానుకుంటామా? మినహాయింపు ఉన్నవాళ్లే ముందు తలుపు తీస్తే ఎంత గౌరవం!

సర్కారు బడుల పంతుళ్లనూ వదలను. చాలామంది మంచివాళ్లే, పని మీద పనితో నలుగుతున్నారు. కానీ జనవరిలో వచ్చిన పిల్లను "జూన్‌లో రా" అని పంపిస్తే ఏం లాభం? జూన్‌కు వాళ్లు ఇక్కడ ఉండరు.

ఎందుకుండరో ఇటుక బట్టీల వాళ్లకు తెలుసు. బలాంగీర్, నువాపడా వైపు నుంచి కోతలయ్యాక వస్తారు, ముందే తీసుకున్న అడ్వాన్సు తీరే దాకా ఇటుకలు కోస్తారు, వానలకు ముందు తిరిగి పోతారు. సగం చదువు అక్కడ, సగం చదువు ఎక్కడా లేదు. కొన్నేళ్లు సర్కారు, స్వచ్ఛంద సంస్థలు కలిసి బట్టీల దగ్గరే ఒడియా పుస్తకాలతో, ఒడిశా నుంచి వచ్చిన వలంటీర్లతో బడులు నడిపాయి. అది సరైన పని. మా పంతులు నోటుబుక్కు లాంటి పని. ప్రతి బట్టీకీ, ప్రతి ఏడూ అట్లా జరగాలి.

మొన్న సంక్రాంతి తర్వాత కిరాణా కొట్టు దగ్గర ఒక పిల్లను చూశాను. ఎనిమిదేళ్లుంటాయేమో. చంకలో తమ్ముడు, జుట్టు నిండా ఎర్ర దుమ్ము. తల్లికి కొట్టువాడికి నడుమ ఆ పిల్లే మధ్యవర్తి. తల్లితో ఒడియాలో, కొట్టువాడితో హిందీలో, నాతో తెలుగులో మాట్లాడింది. బిస్కెట్ పొట్లం తిప్పి ధర చదివింది, చిల్లర తప్పిస్తే పట్టుకుంది. పొట్లం మీద పేరు చదవమన్నాను. తల అడ్డంగా ఊపింది. అంకెలన్నీ వచ్చు, అక్షరం ఒక్కటీ రాదు. అంకెలు ఎట్లా వచ్చాయంటే ఇటుకలు లెక్కబెట్టి అంది. వెయ్యి ఇటుకలకు ఇంతని కూలి కదా, తల్లీతండ్రీ కోస్తుంటే లెక్క ఈ పిల్ల చూస్తుంది. మేస్త్రీ లెక్క తప్పినా ఈ పిల్ల లెక్క తప్పదని తల్లి చెప్పింది.

మా అక్క గుర్తొచ్చింది నాకు.

ఆదివారం బట్టీకి వెళ్లాను. పచ్చి ఇటుకల వరసల మధ్య, తలవంచి దూరాల్సిన గుడిసె. పిల్ల ఎప్పుడు పుట్టిందని అడిగాను. కాగితం లేదంది తల్లి. గుర్తుందా అన్నాను. నువాఖాయి అయిన నాలుగు రోజులకు అంది. అది వాళ్ల కొత్త బియ్యం పండుగ, మన వినాయక చవితి మరునాడు. ఏ ఏడు అంటే చెప్పలేకపోయింది. లాక్‌డౌన్‌లో ఊరికి పోయే నాటికి పిల్ల రెండు నువాఖాయిలు చూసిందంది.

వేళ్ల కణుపులు లెక్కబెట్టుకున్నాను. 2019 ఒకటి, 2018 ఒకటి, అంతకు ముందు ఏడు పుట్టింది. ఫోనులో పాత క్యాలెండరు తీశాను. 2017లో చవితి ఆగస్టు 25. నువాఖాయి 26. దానికి నాలుగు రోజులు. తెల్ల కాగితం మీద పిల్ల పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా రాసి, కింద 30-8-2017 అని రాశాను. పిల్ల ఆ అంకెలు పైకి చదివింది.

రేపు సోమవారం. తొమ్మిదింటికి తల స్నానం చేయించి ఉంచమని తల్లికి చెప్పాను. బడి దాకా నేను తీసుకుపోతాను.