రెండు పూటల సూది

పిల్లి నాలుకకు తీపి తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు పిల్లిజాతిలో ఎప్పుడో చెడిపోయిందని 2005లో శాస్త్రవేత్తలు తేల్చారు. అట్లాంటి పిల్లికి చక్కెర జబ్బంటే, చక్కెర ఫ్యాక్టరీ ఉన్న మా దేశనూరులో కూడా ముందు ఎవరూ నమ్మలేదు.

పిల్లి పేరు బంగారి. మా పక్కింటక్క దగ్గర ఉంటుంది కానీ, అది ఆమె కొడుకుది. అతనిది బెంగళూరులో ఉద్యోగం. అద్దె ఇంట్లో పిల్లిని ఉంచుకోనివ్వలేదని తెచ్చి అమ్మ దగ్గర వదిలిపోయినాడు. ఒక ఏడు బంగారి ఊరికే నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. పెట్టిందంతా తింటుంది, అయినా ఎముకలు తేలుతున్నాయి. వెనక కాళ్ళు మడమల దాకా నేలకానించి, కుంగి నడుస్తుంది. కడుపులో పురుగులని ఒకరు, కిడ్నీలు పోయినాయని ఇంకొకరు. కొడుకు సెలవు పెట్టి వచ్చి బళ్ళారికి తీసుకుపోయినాడు.

అక్కడ చూస్తే షుగర్ 300 దాటింది. ఆ పశువుల డాక్టరు నిదానస్తుడు, దాన్ని చూసి మందు రాయలేదు. బుట్టలో కూర్చోబెట్టి బస్సులో తెచ్చిన పిల్లికి ఒట్టి భయానికే షుగర్ అంత ఎక్కుతుందట. గడిచిన రెండు మూడు వారాల సంగతి చెప్పే ఫ్రక్టోసమైన్ పరీక్ష చేయించి, అప్పుడు ఖాయం చేశాడు. మనుషులకు వేసే ఇన్సులినే, పూటకు ఒక్క యూనిట్, 12 గంటలకు ఒకసారి, మేత తిన్నాక.

చెప్పినంత తేలిక కాదది. సీసా మీద 40 అని ఉంటే ఎర్రమూత సిరంజి వాడాలి. నారింజమూతది 100 రకం ఇన్సులిన్‌కు. ఒకసారి మందుల షాపులో నారింజమూతవి ఇచ్చారు. దాని గీత ప్రకారం లాగితే సగం మందు కూడా లోపలికి పోదు. అంకెలు ఎక్కుతూనే పోయినాయి, బంగారి మళ్ళీ కుంగిపోయింది. ఫోన్లో ఫొటో చూసి తప్పు పట్టుకున్నది కొడుకే. బెంగళూరులో కూర్చుని సిరంజి మూత రంగు గమనించేంత ప్రేమ అది.

ప్రతి రాత్రీ ఫోన్ చేసేవాడు. తిన్నదా, నీళ్ళు ఎంత తాగింది, నడక ఎట్లుంది? ఒక పూట అంకె ఎక్కువ వచ్చిందని మందు పెంచొద్దనేవాడు. షుగర్ ఎక్కితే దిద్దుకోవచ్చు, ఉన్నట్టుండి పడిపోతే గంటల్లో ప్రాణం పోతుంది, తూలితే వెంటనే చిగుళ్ళకు చక్కెర నీళ్ళు పూయమనేవాడు. అక్క పొయ్యి పక్కన చిన్న డబ్బాలో చక్కెర ఎప్పుడూ సిద్ధంగా ఉంచేది. కన్నడ బడిలో ఐదు దాకా చదివిన మనిషి, సూది గుచ్చడం, చెవి అంచున నెత్తురు చుక్క తీయడం, మిషన్లో చూసి నోట్‌బుక్కులో రాయడం అన్నీ నేర్చుకుంది. ఏ రోజు పేజీ ఆ రోజు ఫొటో తీసి కొడుక్కు పంపాలి. ఇంత చేసే మనుషులుంటేనే నోరులేని జీవాలు బతికేది. కొన్ని పిల్లులకు మేత మార్చి, మందు సరిగ్గా పడితే, ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది కూడా. అక్క ఆ ఆశతోనే పెళ్ళిళ్ళకు పోయినా పొద్దుగూకే లోపల ఇల్లు చేరేది. రాత్రి బంగారి నీళ్ళ గిన్నె దగ్గరికి పోతే తానూ లేచి ఒక చెంబు తాగేది. "దీని అలవాటు నాకూ అంటింది" అని నవ్వేది.

ఒక రాత్రి వచ్చిన ఫొటోలో, పేజీ అడుగున 342 అని ఉంది. కొడుకు ఫోన్ చేస్తే తీయలేదు, ఆమె పడుకుంది. అతను దొరికిన బస్సెక్కి తెల్లారేసరికి సిరుగుప్పలో దిగి, ఆటోలో దేశనూరు చేరినాడు. నేను పాలు పోయడానికి పోయేసరికి చెప్పులు కూడా విడవకుండా బంగారి చెవి పట్టుకుని కూర్చున్నాడు.

116. ఇంకోసారి చూశాడు. 121.

"మరి 342 ఎట్లొచ్చిందిమా? సూది మర్చిపోయినావా?"

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. "అది బంగారిది కాదు నాయనా. నిన్న సాయంత్రం కండ్లు తిరిగినట్లైంది. ఒక స్ట్రిప్పు నా వేలికి పెట్టి చూసుకున్నా. యాడ రాయాలో తెలీక దాని కిందనే రాసినా."

కొడుకు బంగారిని ఎత్తి గుండెకు హత్తుకున్నాడు.

"హమ్మయ్య! నీదా మా! దీనికేమైందో అని రాత్రంతా కంటిమీద కునుకు లేదు."