«ఏంగాదు సార్» : టీకా తాత్పర్య సహితము

అవతారిక

కాళిదాస కావ్యములకు సంజీవనీ వ్యాఖ్య సంతరించి, మూలమును దాటి యొక్క యడుగైనను వేయని నియమముతో పండితలోకమున వెలసిన మల్లినాథసూరి మన మెదకు సీమయందలి కొల్చారమువాడు. ఆ కొల్చారమునకు సైబరాబాదు ఏమంత దూరము కాదు. అయినను, 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించినది మొదలు ఈ ప్రాంతమున పుట్టి ప్రచారమునకు వచ్చిన సూక్తులలో ఏ యొక్కదానికిని సరియైన టీక వెలువడకపోవుట మన విద్వాంసుల యలసత్వమునకు నిదర్శనము. ఆ లోపమును కొంతవరకైనను పూరింపవలెనను తలంపుతో, హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ ప్రాంతములలో నిత్యము ఎల్లరును వినుచు, అనుసరించుచు, అర్థమును మాత్రము విచారింపక విడిచిన యొక మహావాక్యమును ఇట వ్యాఖ్యానింపబూనితిని.

మూలము

"ఏంగాదు సార్, గీడిదాంకనే గదా. బెల్టు ఊకె మీదికెల్లి ఏస్కోన్రి, కెమెరాకు కనబడ్తె సాలు."

ఈ వాక్యమునకు కర్త యెవ్వరో తెలియదు. రాయదుర్గము మెట్రో స్టేషను ముందు ఎక్కిన క్యాబులోను, విప్రో సర్కిల్ వద్ద ఎక్కిన క్యాబులోను ఒక్క యక్షరము తేడా లేక వినవచ్చుటచే దీనిని అపౌరుషేయమని వాదించువారును లేకపోలేదు. సొంత కారులవారి శాఖలో "పక్కనే కదా, పర్లేదు" అను సంక్షిప్త పాఠము వాడుకలో నున్నది; అర్థభేదము లేదు. కాలనిర్ణయమున వివాదమే లేదు. కెమెరా శబ్దముండుటచే ఇది ఈ-చలానా యుగమునకు పూర్వము పుట్టియుండదు.

సందర్భము: డ్రైవరు తన ప్రక్కన ముందుసీటున కూర్చున్నవానితో, బండి కదలిన పిమ్మట పలికినది. వెనుకసీటువారికి ఈపాటి యుపదేశము కూడ లభింపదు. కెమెరా వారిని చూడదు గనుక. కేంద్ర మోటారు వాహన నియమములలో 138వది డ్రైవరును, ముందుసీటువానిని మాత్రమే గాక, ముందువైపు మొగమై యున్న వెనుకసీట్ల వారినికూడ బండి నడచునంతసేపును బెల్టు ధరింపవలసినదని శాసించుచున్నను, ఆ కడపటి ముక్కవరకు పఠించినవారు మిక్కిలి అరుదు.

టీక

ఏంగాదు: ఏమియు జరుగదని యర్థము. జరుగనిది ఏదియో చెప్పలేదు గావున అధ్యాహారము చేసికొనవలెను. అమంగళమును నోట పలుకరాదను శిష్టాచారమే అందుకు హేతువు. ఇది భవిష్యత్తును గూర్చిన ప్రతిజ్ఞ. దీనికి హేతువేమని తార్కికుల రీతిని అడిగినచో, "పదేండ్లసంది నడుపుతున్న, ఒక్కనాడన్న ఏమన్న అయ్యిందా?" అని సమాధానము వచ్చును. హేతువు చూపునకు బలమైనదే. అయితే, ఏమైనను అయినవారు మరునాడు క్యాబు నడుపుటకుగాని ఎక్కుటకుగాని రారు గనుక, ప్రతికూల సాక్ష్యము బండిలో ఎన్నడును వినబడదను దోషమును నైయాయికుడు వెంటనే పట్టుకొనును. ఆ సాక్ష్యము కేంద్ర రవాణా మంత్రిత్వశాఖవారి వార్షిక నివేదికలో పడియున్నది. 2022వ సంవత్సరమున దేశమునందు బెల్టు లేక రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 16,715 మంది. అందు డ్రైవర్లు 8,384, ప్రయాణికులు 8,331. నడుపువాని నేర్పును, కూర్చున్నవాని నమ్మకమును ఇంచుమించు సరిసమానముగనే విఫలమైనవి.

సార్: సంబోధనము. ఈ పదమున నిగూఢమైన రసము కలదు గావున ఇచట కొంత నిలువవలెను. సంబోధింపబడినవాడు తరచుగ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఇతడు ఆఫీసున పరమ జాగరూకుడు. కోడ్‌లో ఒక పంక్తి మార్చిన ఇద్దరిచే సమీక్ష చేయించును. డేటాకు ఒక ప్రతి ముంబైలోను, వేరొకటి సింగపూరులోను దాచును. శుక్రవారము సాయంకాలము ప్రొడక్షన్‌లో చేయి పెట్టుమనిన వణకును. ఆ శుక్రవారము సాయంకాలముననే క్యాబెక్కి, తన దేహమునకు బ్యాకప్ ఎచ్చటను లేదన్న సంగతి లీలగా స్ఫురింపగా బెల్టునకై చేయి చాపును. అంతలో "ఏంగాదు సార్" అను వాక్కు వినవచ్చును. ఆ మీదటను బెల్టు లాగినచో, "నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదా సార్?" అను రెండవ వాక్కు సిద్ధముగ నుండును. బెల్టు తగిలించుట డ్రైవరుపై అవిశ్వాస తీర్మానము ప్రవేశపెట్టుటయే యని ఉభయులును గ్రహింతురు. పెండ్లి విందులో మూడవమారు వడ్డించిన లడ్డూను వలదనలేనట్టి మన తెలుగువాడు, పరిచయమై మూడు నిమిషములైనను కాని మనుజుని నొప్పింపలేక, చాచిన చేతిని వెనుకకు తీసికొని ఫోను చూచుకొనును. బెల్టు ధరింపనివారందరును మొండివారనియు, మూర్ఖులనియు తలంచువారు ఈ మొహమాటమును లెక్కలోనికి తీసికొనలేదని నా యభిప్రాయము. సొంత కారులో ఇది మరింత చిక్కనగును: వెనుకసీటున మామగారు కాలుమీద కాలు వేసికొని కూర్చుండగా, "బెల్టు పెట్టుకోండి మామయ్యగారూ" అనగల అల్లుడు ఏ గోత్రమునను ఇంకను పుట్టలేదు. మన యిండ్లలో వెనుకసీటు పెద్దరికమునకు పీఠము; పీఠముపై నున్నవారిని కట్టివేయుట ఆచారము కాదు.

గీడిదాంకనే గదా: ఈ కొలది దూరమే కదా యని యర్థము. మైండ్‌స్పేస్ నుండి గచ్చిబౌలికి, కొండాపూర్ నుండి ఐకియా కూడలికి దూరము కొలదియే. ఉదయము ఆఫీసువేళ ఆ త్రోవను బండ్లు నడచు వేగము నడకకు మించదు గావున, ఆ వేళకు సంబంధించినంతవరకు మూలకారునితో నాకు పెద్ద పేచీ లేదు. అయితే, రాత్రి పదకొండు దాటిన పిమ్మట అదే త్రోవ ఖాళీయై ఫ్లైఓవర్లు రా రమ్మని పిలుచునప్పుడు దూరము మారదు, వేగము మారును. గంటకు 40 కి.మీ. వేగమున కదలుచున్న దేహమును హఠాత్తుగ నిలిపిన తగులు దెబ్బ, ఆరు మీటర్ల ఎత్తునుండి, అనగా రెండంతస్తుల మేడమీదినుండి, పడిన దెబ్బకు సమానమని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. 120 కి.మీ. వరకు అనుమతి గల ఔటర్ రింగు రోడ్డుపై ఆ యెత్తు 56 మీటర్లకు పెరుగును. కోకాపేటలో పదునెనిమిదవ అంతస్తున ఫ్లాటు కొన్నవారు బాల్కనీ పిట్టగోడ ఎత్తు చాలదని బిల్డరుతో కలహింతురు. ఆ యెత్తుననే రోడ్డుపై పిట్టగోడ లేకుండ కూర్చుండి పాట వినుచుందురు.

బెల్టు: మూడుచోట్ల బిగియు ఈ పట్టీని 1959లో స్వీడను దేశమున వోల్వో కంపెనీ ఇంజినీరు నిల్స్ బోలిన్ రూపొందించెను. అంతకుమున్ను ఇతడు సాబ్ విమానములలో పైలటును బయటకు ఎగురజిమ్ము సీట్లను తయారుచేసెను. మనుష్యుని బయటకు విసరుట ఎట్లో తెలిసినవానికే లోపల నిలుపుట ఎట్లో తెలిసినది కాబోలు. పేటెంటు తమదైనను ఎల్లరును వాడుకొనవచ్చునని వోల్వోవారు విడిచిపెట్టిరి. అది భుజము, ఎదురొమ్ము, కటి అను గట్టి ఎముకలపై దెబ్బను పంచును. మెల్లగ లాగిన సాగును, కుదుపునకు బిగిసికొనును. కావున "ఊపిరాడదు" అనువారు దానిని మెల్లగ లాగి చూచినవారు కారు.

ఊకె: నిష్కారణముగ, ప్రయోజనమేమియు నాశింపక. గీతలో నిష్కామకర్మకు ఇంతకన్న శుద్ధమైన ఉదాహరణము దొరకదు.

మీదికెల్లి ఏస్కోన్రి: ఎదమీదుగ వేసికొనుడు, కొక్కెము తగిలింపవలదు అని భావము. ఆచరణ మెట్లనగా, పట్టీని భుజమునుండి లాగి, కొనయందలి లోహపు నాలుకను తొడక్రింద నొక్కి పట్టి, కూడలి దాటగానే విడుతురు. అది గిర్రున పైకి పోయి కిటికీప్రక్కన టక్కున తగులును. 2019 జులై నుండి క్రొత్త కారులలో బెల్టు లేనిచో కూయు గంటను తప్పనిసరి చేసినందున ఈ సంప్రదాయమునకు విఘ్నము కలిగినది. దానికి రెండు పరిహారములు పుట్టినవి. బెల్టును సీటుకే తగిలించి దానిపై కూర్చుండుట యొకటి. గంట నోరు మూయించు ఉత్తుత్తి కొక్కెమును కొని తెచ్చుకొనుట రెండవది. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ ఉత్తరువిచ్చి ఆన్‌లైను అంగళ్లనుండి ఇట్టి కొక్కెముల ప్రకటనలను 13,118 తీయించెను. అందు కొన్నింటిని సీసామూత తీయు సాధనములనియు, సిగరెట్టు లైటర్లనియు వేషము మార్చి అమ్ముచుండిరట! ఈ వేషములు మనకే పరిమితము కావు. 1989లో ఇటలీలో బెల్టు చట్టము రాగానే నేపుల్సు నగరమున ఏటవాలు నల్లచార అచ్చువేసిన బనియన్లు బజారున దిగినవి. మన టీషర్టు కంపెనీలకు ఈ యూహ ఇంకను తట్టలేదు. నా మూలమున తట్టకుండుగాక.

కెమెరాకు కనబడ్తె సాలు: వాక్యమునకు ప్రాణమిది. కర్మకు దృష్టఫలము, అదృష్టఫలము అని రెండు గలవని మీమాంసకులు. బెల్టుకు ప్రాణరక్షణమే దృష్టఫలము కావలసియుండగా, క్యాబు మీమాంసలో కెమెరా చూచినదే దృష్టము, చలానా తప్పుటయే ఫలము. ప్రాణమును అదృష్టమునకు విడిచినారు. ఇందు డ్రైవరును నిందించుట సులభము గాని న్యాయము కాదు. 2019 సవరణచే మోటారు వాహన చట్టమున చేరిన 194-బి సెక్షను ప్రకారము బెల్టు లేని ప్రయాణికుని ఎక్కించుకొని పోవుటయు నేరమే. వెయ్యి రూపాయల జుర్మానా. అది సారుగారికి గాదు, బండికి పడును. తన జేబున కేది తగులునో దానినే అతడు కాపాడుకొనుచున్నాడు. సారుగారికి తగులునది సారుగారు చూచుకొందురని అతని విశ్వాసము. తనకు తగులునది డ్రైవరు చూచుకొనునని సారుగారి విశ్వాసము.

పూర్వపక్షము

తెలిసి, ఆలోచించి, బెల్టు వలదనువారును కొందరు కలరు. వారిని గౌరవముతో వినవలెను. బండి కాలినను, చెరువున పడినను బెల్టు చిక్కుకొని బయటపడలేమందురు. అట్టి ప్రమాదములు అరుదు. వచ్చినను తలుపు తెరచుటకు ముందు స్పృహ యుండవలెను, ఆ స్పృహను నిలుపునది బెల్టే. బెల్టు పెట్టుకొన్నవాడు ధైర్యము హెచ్చి మరింత దుడుకుగ నడుపునని 1975లో శామ్ పెల్ట్జ్‌మన్ అను అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు వాదించెను. బెల్టు లేకయే దుడుకుగ నడుపు మన యూరిని ఆయన చూచినచో సిద్ధాంతమును కొంత సవరించుకొనియుండును. ఇస్త్రీ చొక్కా, పట్టుచీర నలుగుననునది వేరొక వాదము, ఖండింపను, నలుగును. "నా దేహము, నా యిష్టము" అనునది అన్నింటికన్న బలమైన వాదము. అయితే వెనుకసీటున బెల్టు లేక కూర్చున్న దేహము ఢీకొన్న క్షణమున అచ్చటనే యుండక, ముందుసీటున బెల్టు పెట్టుకొన్నవాని వీపుపై పడును. అప్పుడది ఎవరి యిష్టమో తేల్చుట కష్టము.

వెనుకసీటు భద్రమను భ్రమ పెద్దవారికిని తప్పలేదు. 2022 సెప్టెంబరు 4వ తేదీన మహారాష్ట్రలోని పాల్ఘర్ కడ మరణించిన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మిక్కిలి ఖరీదైన కారు వెనుకసీటున బెల్టు లేక కూర్చున్నవాడు. మన యింటనే చూచినచో, 2018 ఆగస్టు 29న నల్లగొండ సమీపమున నందమూరి హరికృష్ణ తానే కారు నడుపుచు ప్రమాదమున మరణించినప్పుడు బెల్టు పెట్టుకొనలేదని పత్రికలు వ్రాసినవి. ఆ నెలలో ఊరంతయు బెల్టులు పెట్టుకొనెను.

తాత్పర్యము

ఓ అయ్యా, ఏమియు జరుగదు, దూరము కొంచెమే, చలానా పడకుండ నాకొరకు ఈ పట్టీని కొంచెము పట్టుకొనుము.

విశేషము

హైదరాబాదులో క్యాబులకేమి, ఇంటి కారులకేమి, సీటు కవర్లు కుట్టించునప్పుడు వెనుకసీటు బకిళ్లు తరచుగ కవరు అడుగున పడిపోవును. మెత్తగ కూర్చుండుటకు అడ్డమని యజమానియు వానిని పైకి తీయించడు. కావున వెనుకసీటున బెల్టు పెట్టుకొనదలచినవానికి పట్టీ దొరకును గాని తగిలించు చోటు దొరకదు. పాఠకమహాశయులు రేపు క్యాబెక్కినప్పుడు వెనుకసీటు సందులో చేయి పెట్టి వెదకవలెను. దొరకనిచో మొహమాటపడక, బండి కదలకముందే డ్రైవరు నడిగి కవరు తీయింపుడు. ఒక నిమిషము పని.