నైట్ డ్యూటీలో హాయిగా నిద్రపోయే చిట్కాలు

శ్రీకాకుళం జిల్లా డొంకూరులో ఇంటి పట్టునే కూర్చుని, హైదరాబాదు కంపెనీ సర్వర్లకు రాత్రంతా కాపలా కాసే తమ్ముళ్ల కోసం ఈ సలహాలు. సర్వర్ పనులను తనంతట తానే చక్కబెట్టే స్టాక్‌స్టార్మ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్, పైసా ఖర్చు లేదు. ఏదైనా జరిగితే సెన్సార్ పసిగడుతుంది, రూల్ సరిచూస్తుంది, యాక్షన్ పని కానిచ్చేస్తుంది. ఇక మీకు మంచం వాల్చుకోవడమే పని.

1. రూల్‌లో ట్రిగ్గర్, యాక్షన్ రాసి ఊరుకోండి. ఎప్పుడు కదలాలో చెప్పే క్రైటీరియా రాయకండి. టెస్ట్ సర్వర్ తుమ్మినా బిల్లింగ్ సర్వర్ రీస్టార్ట్ కావాలి.

2. డిస్క్ 90 శాతం నిండిందని అలర్ట్ వస్తే లాగ్ ఫోల్డర్ మొత్తం తుడిచేయించండి. ఎందుకు నిండిందో ఆ లాగ్‌లలోనే ఉంటుంది. అవి పోతే కారణం వెతికే బాధా పోతుంది.

3. సర్వీస్ ఆగితే రీస్టార్ట్ చేయమనండి. రీస్టార్ట్ చేసేటప్పుడు అది ఎలాగూ ఆగుతుంది కాబట్టి మళ్లీ అలర్ట్, మళ్లీ రీస్టార్ట్. ఒకేసారి ఎన్ని నడవాలో కట్టడి చేసే కాంకరెన్సీ పాలసీ జోలికి పోవద్దు. పొద్దున్నే ఎగ్జిక్యూషన్ల చిట్టా చూసి, రాత్రంతా కష్టపడ్డారని మేనేజరు మురిసిపోతాడు.

4. వర్క్‌ఫ్లో మధ్యలో 'కోర్ ఆస్క్' పెడితే, మనిషి సరేననేదాకా పని ఆగుతుంది. డేటాబేస్ చెరిపేముందు మిమ్మల్ని అడగడమేమిటి, నిద్రాభంగం! అది పీకేసి, స్టాక్‌స్టార్మ్‌కు రూట్ అధికారం ఇచ్చేయండి.

5. కాపలా కాసే స్టాక్‌స్టార్మ్‌ను, అది కాపలా కాయాల్సిన సర్వర్లోనే పెట్టండి. అలర్ట్ మీ ఒక్క ఫోన్‌కే రావాలి, రెండో మనిషి నంబరు ఇవ్వొద్దు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలతోపాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి, ఫోన్లు మూగబోయాయి. అలాంటి తుఫాను రోజుల్లోనూ ఇదే ఏర్పాటు ఉంచండి. సర్వర్ పడితే చెప్పేదీ దానితోపాటే పడుతుంది, చెప్పినా మీ ఫోన్ మోగదు. నిద్రకు ఢోకా లేదు.

6. రూల్స్ గిట్‌లో పెట్టకండి, ఎవరికీ చెప్పకండి. మిమ్మల్ని తీసేయడానికి కంపెనీ జడుస్తుంది. సెలవివ్వడానికీ జడుస్తుందనుకోండి. చెల్లి పెళ్లి పందిట్లో తలంబ్రాల వేళ ఫోన్ వస్తే, ఏ రూల్ ఏ ఫైల్లో ఉందో చెప్పాల్సింది మీరే.